గెలిచిన పాట్‌లోంచి కోత

ఒక పోకర్ టేబుల్ దగ్గర ఆరుగురు కూర్చున్నారనుకోండి. ఆరుగురి ఆటా సమానం. ఒక్కొక్కరి ముందు వెయ్యి రూపాయల చిప్స్ ఉన్నాయి. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే పందేలు, 5 (స్మాల్), 10 (బిగ్) రూపాయలు. పందేలన్నీ చేరే మొత్తం పాట్. బల్ల మీద మొదటి మూడు ముక్కలు, అంటే ఫ్లాప్, తెరిచిన ప్రతి పాట్‌లోంచీ 5 శాతం యాప్ తీసుకుంటుంది. నెల రోజులు ఇలాగే ఆడితే ఎవరు గెలుస్తారు?

ఆరుగురూ ఓడిపోతారు.

లెక్క వేసి చూద్దాం. వంద ఆటలు పంచితే అరవై ఆటల్లో ఫ్లాప్ తెరిచారనీ, ఆ పాట్లు సగటున 160 రూపాయలకు చేరాయనీ పెట్టుకుందాం. పాట్‌కు 8 రూపాయల చొప్పున వంద ఆటలకు 480 రూపాయలు టేబుల్ మీంచి లేచిపోతాయి. మనిషికి 80 రూపాయలు, అంటే 8 బిగ్ బ్లైండ్లు. అలా 1,250 ఆటలు తిరిగేసరికి ఆరుగురూ తెచ్చిన ఆరు వేలకు సమానమైన సొమ్ము కోత కిందే పోయి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఒక టేబుల్ మీద గంటకు 75 ఆటలు పడితే ఇదంతా పదిహేడు గంటల లోపే జరుగుతుంది. రాత్రి భోజనం చేశాక రెండేసి గంటలు ఆడేవాళ్లకు ఇది తొమ్మిది రాత్రుల పని.

ఈ కోతనే రేక్ అంటారు. దీని గుణం ఒకటి ముందే చెప్పాలి. దీన్ని గెలిచినవాడి పాట్‌లోంచి తీస్తారు. ఓడినవాడు ఓడిన బాధలో ఉంటాడు కాబట్టి దాన్ని పట్టించుకోడు. గెలిచినవాడికి 160 రావలసిన చోట 152 వస్తుంది, కానీ గెలిచిన సంతోషంలో ఆ తేడా కంటికి ఆనదు. అలా ఎవరికీ నొప్పి తెలియకుండానే అందరి దగ్గరా డబ్బు తగ్గిపోతుంది. నొప్పి తెలియని ఖర్చును లెక్కలోకి తెచ్చుకోవడం నేర్చుకోవలసిన విద్య. పోకర్‌లో మొదటి నిర్ణయం, అంటే ప్రీఫ్లాప్ నిర్ణయం, ఆ విద్యకు మంచి పాఠశాల. అందుకే ఈ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయం కేటాయించాను.

మహదేవపుర, మనవాళ్లు

ఇది రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్న పాఠకులు బెంగళూరు మహదేవపుర వైపు ఉండే తెలుగు యువకులు. మారతహళ్లి, కుందలహళ్లి, హూడి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపట్ల ఐటీ పార్కుల్లో ఉద్యోగం చేస్తూ, పీజీల్లోనో నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాట్లలోనో ఉంటారు. నెల మొదటి తారీఖున జీతం పడుతుంది. సాయంత్రాలు ట్రాఫిక్‌లో పోగా మిగిలిన సమయం ఫోనుది. సంఖ్యలతో పనిచేసే బుర్ర, చేతిలో కొంత డబ్బు, ఊరికి దూరంగా ఒంటరి సాయంత్రం. ఈ మూడూ కలిసినచోట పోకర్ యాప్ తేలిగ్గా అడుగు పెట్టింది.

మన రాష్ట్రాల్లో కంటే ఇక్కడే అడుగు పెట్టడానికి చట్టం కూడా ఒక కారణం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చింది. కర్ణాటక కూడా 2021 అక్టోబరు 5 నుంచి నిషేధం అమల్లో పెట్టింది గానీ, ఆ సవరణలోని ముఖ్యమైన నిబంధనలను 2022 ఫిబ్రవరి 14న కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. ఫోను ఎక్కడుందో చూసి యాప్ టేబుల్ తెరిచేది. సంక్రాంతికి విజయవాడ వెళితే మూసుకుపోయే క్యాష్ టేబుల్, తిరిగి బస్సు దిగి గదికి చేరేసరికి తెరుచుకునేది.

2025 ఆగస్టులో ఆ తలుపు కూడా మూతపడింది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ బిల్లును ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం పడింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆ చట్టం నిషేధిస్తోంది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష పెట్టలేదు. పెద్ద పోకర్, రమ్మీ కంపెనీలు కొద్ది రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేశాయి. హైదరాబాద్‌లో పుట్టిన ఎ23 రమ్మీ కంపెనీ హెడ్ డిజిటల్ వర్క్స్ ఈ చట్టాన్ని కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. వివిధ హైకోర్టుల్లోని అలాంటి కేసులను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

మరి ఆగిపోయిన ఆటలోని కోత గురించి ఇప్పుడెందుకు? ఆట ఆగినా ఆ అలవాటు ఆగలేదు కాబట్టి. క్యాష్ టేబుల్ ముందు కూర్చున్నవాళ్లలో కొందరు ఇప్పుడు ఆప్షన్స్ ట్రేడింగ్ తెర ముందు కూర్చుంటున్నారు. అక్కడా ప్రతి లావాదేవీకీ కోత ఉంది. పోకర్‌లో ఈ లెక్క స్పష్టంగా, చిన్న అంకెల్లో కనిపిస్తుంది. ముందు దాన్ని అర్థం చేసుకుందాం.

ముక్కలు చేతికి వచ్చిన క్షణం

రెండు ముక్కలు మీ చేతికొచ్చాయి. బల్ల మీద ఇంకా ఏదీ తెరవలేదు. ఇదే ప్రీఫ్లాప్. పదమూడు ముక్కల రమ్మీ ఆడినవాళ్లకు ఈ క్షణం విలువ తెలుసు. మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ అయితే 40, మొండిగా కూర్చుని ఓడిపోతే 80 వరకు. పోకర్‌లో అయితే బ్లైండ్స్‌లో లేని ఆటగాడు మొదట్లో వదిలేయడానికి ఒక్క పైసా కూడా కట్టనక్కర్లేదు. ఉచితంగా దొరికే ఈ ఒక్క అవకాశాన్ని మనం ఎంత తక్కువగా వాడతామో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఒక ఉదాహరణ. బటన్ మీదున్నవాడు, అంటే ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడేవాడు, 25 రూపాయలకు రెయిజ్ చేశాడు. స్మాల్ బ్లైండ్ వదిలేశాడు. మీరు బిగ్ బ్లైండ్. మీ 10 రూపాయలు ఎలాగూ లోపలే ఉన్నాయి, ఇంకో 15 పెడితే ఫ్లాప్ చూడొచ్చు. మీరు పెట్టాక పాట్ 55 రూపాయలు అవుతుంది. కోత లేని ఆటలో 15ను 55తో భాగిస్తే 27.3 శాతం. అంటే వందకు ఇరవై ఎనిమిది సార్లు గెలవగల ముక్కలుంటే కాల్ చేయొచ్చు.

ఇప్పుడు 5 శాతం కోత పెట్టండి. 55లో 2 రూపాయల 75 పైసలు పోయి 52 రూపాయల 25 పైసలు మిగులుతుంది. కావలసిన గెలుపు 28.7 శాతానికి పెరుగుతుంది. తేడా ఒకటిన్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ సరిగ్గా 28 శాతం గెలిచే ముక్కల గతి ఏమైందో చూడండి. కోత లేనప్పుడు వాటి వాటా 15 రూపాయల 40 పైసలు, అంటే 40 పైసల లాభం. కోత పడ్డాక 14 రూపాయల 63 పైసలు, అంటే 37 పైసల నష్టం. ముక్కలు మారలేదు, ఎదుటివాడు మారలేదు, మీ తెలివీ మారలేదు. మంచి నిర్ణయం చెడ్డ నిర్ణయమైపోయింది.

నిజమైన ఆటలో తర్వాత పందేలు ఇంకా ఉంటాయి, ఫ్లాప్ తర్వాత పాట్ పెరిగినకొద్దీ కోతా పెరుగుతుంది. పైగా గుర్తు కలవని బలహీనమైన ముక్కలతో మొదట పందెం వేయవలసినవాడు మీరే. అందువల్ల అసలు నష్టం నేను చూపిన 37 పైసల కంటే ఎక్కువే ఉంటుంది. ఇక్కడ పట్టుకోవలసిన సూత్రం ఇది: కోత అందరినీ సమానంగా కొట్టదు. జత ఆసులకు 5 శాతం పోయినా బోలెడంత మిగులుతుంది. అంచు మీద నిలబడిన ముక్కల లాభం మొత్తం అందులోనే కొట్టుకుపోతుంది. కాబట్టి కోత ఎక్కువున్న టేబుల్ మీద మీ ఆటను అంచుల దగ్గర కత్తిరించుకోవాలి. రాజు-రెండు, రాణి-నాలుగు లాంటి గుర్తు కలవని ముక్కలతో బిగ్ బ్లైండ్‌ను కాపాడుకోవాలనే పట్టుదల మొట్టమొదట పోవాలి.

రెండో సంగతి ఇంకా విలువైనది. చాలా యాప్‌లలోనూ క్లబ్బుల్లోనూ ఒక నియమం ఉంటుంది: ఫ్లాప్ తెరవకపోతే కోత లేదు. అందరూ ముందే వదిలేసి పాట్ ఒకరికే మిగిలితే పైసా తగ్గకుండా అతనికే వస్తుంది. ఈ చిన్న నియమం ప్రీఫ్లాప్ ఆటను తలకిందులు చేస్తుంది. కాల్ చేయడమంటే దాదాపుగా కోత ఉన్న పాట్‌లోకి నడిచి వెళ్లడమే. మళ్లీ రెయిజ్ చేయడమంటే కోత లేని పాట్‌ను అక్కడికక్కడే గెలిచే అవకాశం ఉంచుకోవడం.

స్మాల్ బ్లైండ్‌లో కూర్చున్నప్పుడు ఇది అన్నిటికంటే బాగా తెలుస్తుంది. బటన్ 25 చేశాడు. మీరు 20 కలిపి కాల్ చేస్తే వెనక బిగ్ బ్లైండ్ ఇంకా ఉన్నాడు, అతను మళ్లీ పెంచొచ్చు. అతను వదిలేసినా 60 రూపాయల పాట్, కనీసం 3 రూపాయల కోత, మీకు చివరిదాకా చెడ్డ స్థానం. కాబట్టి చిన్న పందేల టేబుళ్ల మీద స్మాల్ బ్లైండ్ నుంచి సరైన ఆట చాలావరకు రెండే: త్రీ-బెట్ (మళ్లీ రెయిజ్), లేదా ఫోల్డ్ (వదిలేయడం). అలాగని ప్రతి ముక్కతోనూ 100కు పెంచమని కాదు. మీరు కొత్తగా 95 పెట్టి పాట్‌లో ఉన్న 40 కోసం వెళ్తున్నారు. ఒట్టి బెదిరింపే అయితే పదిసార్లలో ఏడుసార్లకు మించి ఎదుటివాళ్లు వదిలేస్తేనే అది గిట్టుబాటు. కాబట్టి కాల్ చేయదలచిన ముక్కల్లో మంచివాటిని పైకి జరపండి, మిగతావాటిని వదిలేయండి. కాల్ అనే మధ్య గదిని ఖాళీ చేయడమే ఇందులోని కిటుకు.

మొదట పాట్‌లోకి దిగేటప్పుడు రెయిజ్ చేయకుండా 10 రూపాయలు పెట్టి లింప్ అవ్వడం ఇంకా నష్టం. అలా దిగిన ఆటల్లో ఫ్లాప్ తెరవకుండా ముగిసేవి చాలా తక్కువ. నలుగురైదుగురు దిగుతారు, కోత ఖాయం, బ్లైండ్స్‌ను ఊరికే గెలిచే అవకాశం ఎప్పటికీ రాదు.

చిన్న జతలు, అంటే రెండు నాలుగులు, రెండు అయిదుల గురించి అందరికీ ఒక మోజు ఉంటుంది. ఫ్లాప్‌లో మూడోది పడితే పెద్ద పాట్ గెలవొచ్చని. అది పడే అవకాశం 11.8 శాతం, ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. 25 రూపాయల కాల్‌తో ఎనిమిదిన్నర సార్లు ప్రయత్నించి ఒకసారి 400 రూపాయల పాట్ గెలిచారనుకోండి. అందులో 20 రూపాయలు కోత. ఆ 20ని ఎనిమిదిన్నర ప్రయత్నాలకు పంచితే ఒక్కోదానికి 2 రూపాయల 35 పైసలు. మీరు 25 అనుకున్న టికెట్టు ధర నిజానికి 27 రూపాయల పైచిలుకు. ఎదుటివాడి దగ్గర చిప్స్ తక్కువుంటే ఈ ప్రయత్నమే దండగ. ఒకే గుర్తు ఉన్న చిన్న వరస ముక్కలు, ఉదాహరణకు ఇస్పేటు అయిదు-ఆరు, వాటిదీ ఇదే కథ.

చార్టులు ఎక్కడివో చూసుకోండి

ఐటీవాళ్లు ఏది మొదలుపెట్టినా పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటారు. అది మంచి గుణమే. పోకర్ నేర్చుకునేవాళ్లు కూడా సాల్వర్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసిన ప్రీఫ్లాప్ చార్టులు దించుకుని గోడకు అతికించుకున్నారు. ఏ స్థానం నుంచి ఏ ముక్కలతో దిగాలో రంగు గళ్లలో ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, అలాంటి చార్టుల్లో చాలావాటిని కోత లేదనుకునో, పెద్ద పందేల ఆటలోని కోతతోనో లెక్కగట్టారు.

పెద్ద పందేల ఆటలో కోత ఎందుకు తక్కువగా తగులుతుంది? పరిమితి వల్ల. ప్రతి పాట్‌లోంచి ఇంతకు మించి తీయం అని ఒక గరిష్ఠం ఉంటుంది. దాన్ని రూపాయల్లో చూడకూడదు, బిగ్ బ్లైండ్లలో చూడాలి. 5-10 టేబుల్ మీద గరిష్ఠం 30 రూపాయలనుకోండి, అది 3 బిగ్ బ్లైండ్లు. పాట్ 600 చేరేదాకా ప్రతి రూపాయి మీదా పూర్తి 5 శాతం పడుతూనే ఉంటుంది. 100-200 టేబుల్ మీద గరిష్ఠం 200 అనుకోండి, అది ఒక్క బిగ్ బ్లైండే. పాట్ 20 బిగ్ బ్లైండ్లు దాటిందంటే ఇక కోత పెరగదు. పై టేబుల్ కోసం చేసిన చార్టును కింది టేబుల్ మీద వాడితే, చార్టు సరైనదే అయినా మీ ఆట తప్పు. చిన్న జీతగాడి మీదే కోత భారం ఎక్కువ పడే ఏర్పాటు ఇది. నాకు ఇందులో అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

వంద ఆటలకు 5 బిగ్ బ్లైండ్లు మిగిల్చుకునేవాణ్ని పోకర్‌లో మంచి ఆటగాడంటారు. మనం మొదట వేసిన లెక్కలో కోత 8 బిగ్ బ్లైండ్లు. ఆ టేబుల్ మీద 5 మిగలాలంటే మిగతావాళ్ల కంటే 13 బిగ్ బ్లైండ్లంత మెరుగ్గా ఆడాలి. అందుకే అదే టేబుల్ మీద సమానులైన ఆరుగురికీ నష్టం తప్పదు, కాస్త మెరుగైనవాడికీ నష్టమే, బాగా మెరుగైనవాడికి మాత్రమే కొంచెం మిగులుతుంది.

రేక్‌బ్యాక్ అని ఒక ఊరట చూపిస్తారు. కట్టిన కోతలో కొంత శాతం తిరిగిస్తారు. 30 శాతం తిరిగొస్తుందంటే 70 శాతం పోతుందనే అర్థం. అది ఎక్కువ ఆటలు ఆడినవాళ్లకు ఎక్కువగా ఇస్తారు కాబట్టి, తర్వాతి మెట్టు చేరడానికి ఆడకూడని ముక్కలు ఆడేవాళ్లు తయారవుతారు. రేక్‌బ్యాక్‌ను చూసుకుని ఆట వెడల్పు చేసుకోవడం కంటే పనికిమాలిన పని లేదు.

టోర్నమెంట్ల సంగతి వేరు. అక్కడ ప్రవేశ రుసుములోనే కంపెనీ వాటా ముందుగా తీసేస్తారు, పాట్‌లోంచి ఏమీ తీయరు. కూర్చున్నాక ప్రతి పాట్ పూర్తిగా మీదే. కాబట్టి బిగ్ బ్లైండ్‌ను అక్కడ ధారాళంగా కాపాడుకోవచ్చు.

సికింద్రాబాద్ క్లబ్బు ప్రశ్న

టోర్నమెంట్‌కూ క్యాష్ టేబుల్‌కూ ఉన్న ఈ తేడా తెలుగు నేల మీద ఒక పాత కేసును గుర్తుచేస్తుంది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. హైదరాబాద్ జూద చట్టం కింద కేసు నడిచి సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణగా పేరుపడిన ఆ కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అన్న మాట అందరికీ గుర్తుండిపోయింది. కానీ ఆ తీర్పులో రెండో ప్రశ్న ఉంది, దాన్ని మనవాళ్లు అంతగా చదవరు. ఆటకు క్లబ్బు రుసుము తీసుకుంటే అది జూదగృహం అవుతుందా? ముక్కలు, కుర్చీలు, వసతి సమకూర్చినందుకు సభ్యుల దగ్గర మామూలు రుసుము తీసుకోవడం తప్పు కాదని కోర్టు అంది. కానీ పందెం పెట్టి ఆడే ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం గుంజుకుంటుంటే నేరం రుజువు కావచ్చని కూడా చెప్పింది.

వసతికి రుసుము ఒకటి, ఆటలోంచి లాభం మరొకటి. న్యాయమూర్తి చట్టం కోసం గీసిన ఆ గీత ఆటగాడి లెక్కకూ సరిగ్గా సరిపోతుంది. గంటకు ఇంత అని ముందే కట్టేస్తే ఆ డబ్బు పోయినట్టే. తర్వాత ఏ ముక్కలు ఆడాలన్న నిర్ణయాన్ని అది మార్చదు. ప్రతి పాట్‌లోంచీ తీస్తే ప్రతి నిర్ణయాన్నీ మారుస్తుంది. జీవితంలో మీరు కట్టే ప్రతి రుసుమునూ ఈ రెండిట్లో ఏదో తేల్చుకోండి. జిమ్‌కు ఏడాది చందా కట్టాక వెళ్లడానికి వెనకాడితే నష్టం మీదే. ప్రతి లావాదేవీకీ రుసుము పడే చోట తరచుగా వెళ్లడమే నష్టం.

ఇక్కడ ఒక హెచ్చరిక. యాప్‌లు మూతపడ్డాక కొన్ని ఫ్లాట్లలో శనివారం రాత్రి పోకర్ మొదలైంది. స్నేహితులు కలిసి ఆడుకోవడం ఒకటి. ఇల్లు ఇచ్చినవాడు తిండి ఖర్చుకని ప్రతి పాట్‌లోంచీ పది రూపాయలు తీయడం మొదలుపెడితే, ఆ ఇల్లు సరిగ్గా ఆ సికింద్రాబాద్ ప్రశ్న ముందుకు వస్తుంది. తిండి ఖర్చు తలా ఇంత వేసుకోండి. పాట్‌లో చెయ్యి పెట్టొద్దు. విదేశీ యాప్‌ల జోలికి అసలు పోవద్దు. అక్కడ కోత ఎంతో నిజంగా తెలియదు, గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడగడానికి చోటు లేదు.

తలుపు దగ్గర కోత

చట్టం ఆపకముందే ఈ ఆటను పన్ను సగం ఆపింది. 2023 అక్టోబరు 1 ముందు చాలా కంపెనీలు తమ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ కట్టేవి. ఆ రోజు నుంచి ఆటగాడు వేసిన డిపాజిట్ మొత్తం మీద 28 శాతం వచ్చింది. వెయ్యి వేస్తే, అది పన్ను కలుపుకున్న మొత్తం కాబట్టి, అందులో 218 రూపాయల 75 పైసలు పన్ను, 781 రూపాయల 25 పైసలు ఆటకు. చాలా కంపెనీలు ఆ తేడాను బోనస్ రూపంలో భరించి ఆటగాళ్లకు తెలియకుండా చూశాయి. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్. లోపలికి వెళ్లేటప్పుడు ఒకటి, ప్రతి పాట్‌లో ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి. మూడు కోతలు దాటి మిగిలేంత నైపుణ్యం వెయ్యి మందిలో ఎందరికి ఉంటుందో ఆలోచించండి. నా మటుకు నేను ఈ ఆటలోని తెలివిని గౌరవిస్తాను. ఆ మూడు కోతల తర్వాత దాన్ని సంపాదన మార్గమని చెప్పినవాళ్లను గౌరవించలేను.

ఇప్పుడు ట్రేడింగ్ తెర వైపు తిరుగుదాం. సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. వాళ్లు లావాదేవీ ఖర్చుల కింద కట్టింది దాదాపు 50 వేల కోట్లు. 2023-24 ఒక్క ఏడాదిలో సగటున మనిషికి 26 వేల రూపాయల ఖర్చు. ఆ ఏడాది ట్రేడర్లలో ముప్పై ఏళ్లలోపు వాళ్లు 43 శాతం. మన మహదేవపుర కుర్రాళ్ల వయసు అదే.

ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరేజీ అనుకుంటే కొని అమ్మడానికి 40, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 47 రూపాయల 20 పైసలు. 300 రూపాయల లాభం కోసం దిగిన ట్రేడ్‌లో దాదాపు ఆరో వంతు ఇక్కడే పోయింది. సెక్యూరిటీల లావాదేవీ పన్ను, ఎక్స్ఛేంజ్ రుసుము వేరు. ఆ పన్నును 2024 అక్టోబరు 1 నుంచి ఆప్షన్స్ అమ్మకాల మీద 0.0625 నుంచి 0.1 శాతానికి పెంచారు కూడా. పోకర్‌లో కోత గెలిచినవాడి దగ్గరే తీసేవారు. ఇక్కడ ఓడినా తీస్తారు. ఫ్లాప్ తెరవకపోతే కోత లేదన్న వెసులుబాటు ఇక్కడ ఒకటే రూపంలో ఉంది: ఆర్డరు పెట్టకపోవడం.

ప్రీఫ్లాప్‌లో నేర్చుకున్నదే ఇక్కడా పనిచేస్తుంది. ఒక ట్రేడ్ చూసినప్పుడు లాభం వస్తుందా అని అడగడం చాలదు, ఖర్చు పోయాక వస్తుందా అని అడగాలి. అటూ ఇటూగా ఉన్నవన్నీ వదిలేయాలి. చిన్న లాభాల కోసం రోజుకు పదిసార్లు దిగేవాడు స్మాల్ బ్లైండ్ నుంచి ప్రతిసారీ కాల్ చేసేవాడి లాంటివాడు. సందేహం ఉన్నప్పుడు ఫోల్డ్ చేసినవాడి ఖాతాలోంచి ఎవరూ ఏమీ తీయలేరు.

ఇవన్నీ తెలిసినా చెయ్యి ఆగడం లేదంటే అది లెక్కతో తీరే సమస్య కాదు. అప్పు చేసి ఆడుతుంటే, ఇంట్లో దాస్తుంటే, ఆగిన మర్నాడే మళ్లీ మొదలుపెడుతుంటే సాయం అడగండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ 2014 నుంచి షట్ క్లినిక్ పేరుతో ఫోను, ఆటల వ్యసనాలకు చికిత్స చేస్తోంది. టెలి-మానస్ ప్రభుత్వ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడుతుంది.

మిగతావాళ్లకు ఈ ఆదివారం ఒక పని చెబుతున్నాను. మీ బ్రోకర్ యాప్‌లో పోయిన ఆర్థిక సంవత్సరం లాభనష్టాల నివేదిక తెరవండి. లాభం అంకెను ఒక చేత్తో మూసి, ఛార్జీల వరస మాత్రం కూడండి. ఆ మొత్తాన్ని మీ నెల జీతంతో భాగించి, వచ్చిన అంకెను కాగితం మీద రాసి, ఇంట్లో మీరు బాగా నమ్మే ఒక్కరికి చూపించండి. ఆ తర్వాతే తర్వాతి ఆర్డరు పెట్టాలో లేదో నిర్ణయించుకోండి.